మా అమ్మాయి ఎలుక మీసాల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఈ దారిలో ఉన్నవాళ్ళెవరైనా ఉన్నారా?

బ్రాడీపేట నాన్న | శనివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతోంది. బీఈడీ చేయిద్దామని నేను, సంబంధాలు చూద్దామని మా ఆవిడ అనుకుంటూ ఉండగా మొన్న భోజనాల దగ్గర అసలు సంగతి బయటపెట్టింది. న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తుందట. కంటితో చూసింది, చేత్తో తాకింది మెదడుకి ఎలా తెలుస్తుందో కనిపెట్టే పనట. కళ్ళ డాక్టరా అంటే కాదంది. న్యూరాలజిస్టా అంటే అదీ కాదంది. బెంగళూరులో ఎలుక మీసాల మీద పని చేసే ల్యాబ్ ఒకటి చూసి పెట్టుకుంది. మా అమ్మ ఊరుకోక "ఎలుక మీసాల కోసం బెంగళూరు దాకా ఎందుకే, మన అటక మీద లేవూ?" అంది. అందరం నవ్వాం. పిల్ల మాత్రం కంచం దగ్గర నుంచి లేచిపోయింది. మా ఆవిడ ఆ రోజు నుంచి మా ఇద్దరితోనూ మాట్లాడటం మానేసింది.

దాన్ని ఆపాలని కాదండీ. తెలియక అడ్డం పడుతున్నానేమోనని నా భయం. ఎన్నేళ్ళు పడుతుంది? డబ్బు మనం కట్టాలా, వాళ్ళిస్తారా? రోజంతా ఏం పని ఉంటుంది? తెలిసినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

పటమట కుర్రాడు | శనివారం రాత్రి 9.52

అంకుల్, నా ఫ్రెండ్ ఒకడు ఇలాగే వెళ్ళాడు. 32 వచ్చాయి, ఇప్పటికీ ఫారాల్లో "స్టూడెంట్" అనే రాస్తాడు. పైథాన్ నేర్పించి డేటా సైన్స్‌లో పెట్టండి. రెండేళ్ళలో సెటిల్ అవుతుంది.

యార్డ్ బాబాయ్ | శనివారం రాత్రి 10.15

పటమట అబ్బాయ్, అందర్నీ కంప్యూటర్ ముందే కూర్చోబెడితే ఎలా? నాకు చదువుల సంగతి తెలియదు గానీ ఒక డౌటుంది. మిర్చి యార్డులో 30 ఏళ్ళుగా ఉన్నాను. సీజన్లో కొత్తగా వచ్చిన హమాలీ రెండు టిక్కీలు మోసేసరికి దగ్గి దగ్గి కూలబడతాడు, కళ్ళూ ముక్కూ ఏకమవుతాయి. నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఇది మెదడు సంగతా, ముక్కు సంగతా? ఆ చదువు చదివినవాళ్ళు చెప్పగలరా?

ఎలుక మీసం | ఆదివారం ఉదయం 6.30

ఈ వేదికలో నా పేరు చూస్తేనే తెలుస్తుంది కదండీ, నేను ఆ జాతే. పుట్టి పెరిగింది విజయవాడ సత్యనారాయణపురం. బైపీసీ చదివి, ఎంసెట్‌లో సీటు రాక డిగ్రీలో చేరినదాన్ని. మా బంధువుల్లో చాలాకాలం నా పేరు "సీటు రాని పిల్ల". ఇప్పుడు వేరే రాష్ట్రంలో నాకంటూ ఒక చిన్న ల్యాబ్ ఉంది.

డబ్బు సంగతి ముందు చెప్తాను. లక్షలు కట్టి చదివే చదువు కాదిది, వాళ్ళే నెలనెలా ఇస్తారు. 2011లో నేను చేరినప్పుడు జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) 16,000. 2023 నుంచి 37,000 చేశారు, చేరిన రెండేళ్ళ తర్వాత 42,000. ఇంటద్దె భత్యం వేరు. పెళ్ళిలో చెప్పుకునేంత జీతం కాదు, ఇంటి మీద పడి తినక్కర్లేని జీతం. ఐదేళ్ళనుకున్నది నాకు ఆరున్నరేళ్ళు పట్టింది. తర్వాత జర్మనీలో నాలుగేళ్ళు పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. స్థిరమైన ఉద్యోగం దొరికేసరికి 34 నిండాయి. పటమట తమ్ముడు చెప్పింది అబద్ధమేం కాదు.

ఇక రోజంతా ఏం పని అన్నారు. మొదటి ఏడాది నేను చేసిన పని ఒక్కటే, కరెంటు గుయ్‌మనే శబ్దాన్ని వేటాడటం. ఎలుక మెదడులోకి వెంట్రుక కంటే సన్నటి తీగ దించి, ఒక్కో నాడీకణం ఇచ్చే విద్యుత్ సంకేతాన్ని పట్టుకోవాలి. దాన్ని పెంచి స్పీకరులో శబ్దంగా వింటాం. అసలు సంకేతం ఒక వోల్టులో పదివేలో వంతు ఉంటుంది. మన గోడల్లో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతూ ఉంటుంది కదా, ఆ గోలలో ఇది వినబడదు. అందుకని చుట్టూ లోహపు జాలీతో పంజరం కడతారు. కట్టినా పోలేదు. ట్యూబ్‌లైట్లు ఆపాను, ఏసీ ఆపాను, పక్క బెంచీవాళ్ళ ఫ్రిజ్ ప్లగ్గు పీకి తిట్లు తిన్నాను. రెండు నెలలకు దొంగ దొరికాడు. మైక్రోస్కోప్ దగ్గర పెట్టుకున్న చిన్న దీపం అడాప్టరు, పంజరం లోపలే ఉంది! దాన్ని తీసి అవతల పెట్టగానే స్పీకరు ఒక్కసారిగా సద్దుమణిగింది. చిన్న బ్రష్షుతో ఎలుక మీసం ఒకటి కదిపాను. నూనెలో ఆవాలు వేగినట్టు చిటపటలు. వదిలేస్తే నిశ్శబ్దం. పక్క మీసం కదిపితే ఒకటీ అరా. మళ్ళీ మొదటిది కదిపితే చిటపట. రాత్రి ఒంటిగంటకు అమ్మకి ఫోన్ చేసి వినిపించాను. నిద్రలో "పోపు మాడుతోందేమో చూసుకోవే" అని పెట్టేసింది.

మీసాలే ఎందుకంటే, 1970లో వూల్సీ, వాన్ డెర్ లూస్ అనే ఇద్దరు చిట్టెలుక మెదడు పైపొరలో ఒక వింత చూశారు. ముఖం మీద మీసాలు ఏ వరుసల్లో ఉన్నాయో, మెదడులో కణాల గుంపులు అచ్చం అవే వరుసల్లో పీపాలు పేర్చినట్టు ఉన్నాయి. మీసానికొక పీపా. అంటే ఏ మీసం కదిపితే మెదడులో ఎక్కడ వెతకాలో ముందే తెలుసు. ఇంత సదుపాయం మన వేళ్ళ దగ్గర కూడా లేదు. కరెంటు పోతే మనం స్విచ్ కోసం గోడ తడుముతాం చూడండి, ఎలుక అదే పని మీసాలతో సెకనుకు పదిసార్ల దాకా ఊపుతూ చేస్తుంది. నా పీహెచ్‌డీ అంతా ఒక్క ప్రశ్న. మీసాన్ని ఎలుక తనంతట తాను ఊపినప్పుడూ, ఇంకొకరు కదిపినప్పుడూ మెదడుకి ఆ తేడా ఎలా తెలుస్తుంది? మన చేత్తో మనం చక్కిలిగింతలు పెట్టుకుంటే నవ్వు రాదు కదా, దానికీ దీనికీ చుట్టరికం ఉంది.

యార్డ్ బాబాయ్‌కి సాయంత్రం రాస్తాను, ఇప్పుడు ఎలుకలకి మేత వేసే టైం.

పటమట కుర్రాడు | ఆదివారం ఉదయం 8.05

మేడమ్, తిట్టానని అనుకోవద్దు. ఆరున్నరేళ్ళు ఒక మీసం మీద! నాకైతే రెండు వారాల స్ప్రింట్‌కే టెన్షన్ వస్తుంది.

కృష్ణలంక అమ్మాయి | ఆదివారం ఉదయం 11.20

మేడమ్, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నకి షుగర్ వల్ల నిరుడు ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. రాత్రిళ్ళు లేని కాలి వేళ్ళు మెలిపడి నొప్పెడుతున్నాయని లేచి కూర్చుంటారు. చూపించిన చోట "అదంతా భ్రమ, పట్టించుకోకండి" అన్నారు. అప్పటి నుంచి ఆయన నొప్పి అని చెప్పడం కూడా మానేశారు. దుప్పటి కింద చెయ్యి పెట్టి ఖాళీ పరుపుని నొక్కుకుంటూ ఉంటారు. ఇది మీ సబ్జెక్టులోకి వస్తుందా?

ఎలుక మీసం | ఆదివారం సాయంత్రం 5.10

ముందు కృష్ణలంక చెల్లికి. మీ నాన్నగారిది భ్రమ కాదమ్మా, నిజమైన నొప్పే. కాలు పోయింది గానీ మెదడులో కాలికి కేటాయించిన చోటు పోలేదు. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే సర్జన్ మెలకువగా ఉన్న రోగుల మెదడుని అక్కడక్కడా సన్నటి కరెంటుతో తాకి (మెదడుకి నొప్పి తెలియదు, అందుకే వీలైంది), ఎక్కడ తాకితే ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో అడిగి 1937లో పటం గీశాడు. అందులో పెదవులకీ వేళ్ళకీ ఎకరాలకెకరాలు, వీపుకి రెండు సెంట్లు. ముఖం, చెయ్యి పక్కపక్కన.

మద్రాస్ స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడిన వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో చెయ్యి పోయినవాళ్ళ బుగ్గ మీద దూదిపుల్లతో రాస్తే, కొందరు లేని చేతి వేళ్ళ మీద రాసినట్టుందని చెప్పారు. ముఖం వాటా పక్కనున్న ఖాళీ స్థలాన్ని ఆక్రమించిందని ఆయన వివరణ. అందరూ ఒప్పుకోలేదు. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో తమార్ మాకిన్ బృందం స్కాన్ చేసి చూస్తే, నొప్పి ఎక్కువున్నవాళ్ళలో ఆ లేని చేతి చోటు చెక్కుచెదరకుండా ఉంది. మా రంగంలో ఇలాంటి గట్టు తగాదాలు ఏళ్ళ తరబడి నడుస్తాయి, పొలం సర్వేకి మించి.

రామచంద్రన్‌దే అద్దం చిట్కా కూడా. రెండు కాళ్ళ మధ్య నిలువుగా అద్దం పెట్టి, ఉన్న కాలి ప్రతిబింబం లేని కాలి చోట కనబడేలా కూర్చుని, ఉన్న కాలి వేళ్ళు మెల్లగా ముడిచి తెరవడం. మెలిపడ్డ వేళ్ళు విప్పుకున్నట్టు కంటికి కనిపిస్తుంది. కొందరికి బాగా పని చేస్తుంది, కొందరికి ఏమీ తేడా ఉండదు. నొప్పికి ప్రత్యేకంగా చూసే డాక్టర్‌కి గానీ, ఫిజియోథెరపిస్టుకి గానీ "ఫాంటమ్ పెయిన్" అని ఆ మాటే వాడి చెప్పండి. మందులూ ఉన్నాయి. కోసిన చోట నరం కొన గడ్డకట్టినా నొప్పి రావచ్చు, అదీ చూడమనండి.

ఇక యార్డ్ బాబాయ్. మీ సరుకు మీద నోబెల్ బహుమతి వచ్చింది, మీకు కబురు అందలేదంతే. మిరపలో ఘాటు పదార్థం క్యాప్సైసిన్ నాడిని ఎక్కడ పట్టుకుంటుందో 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ ల్యాబ్ కనిపెట్టింది. అదొక ప్రోటీన్, తలుపులాంటిది. పేరు టీఆర్‌పీవీ1. తమాషా ఏంటంటే ఆ తలుపు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడా తెరుచుకుంటుంది. ఎవరు తెరిచినా లోపలికి వెళ్ళే కబురు ఒకటే, "కాలుతోంది" అని. అందుకే మిరపకాయ కొరికితే ఎక్కడా కాలకపోయినా నోరు "మండింది" అంటాం, చెమటలు పడతాయి. స్పర్శ మీద పని చేసిన పటపూటియన్‌కీ జూలియస్‌కీ కలిపి 2021లో నోబెల్ ఇచ్చారు. పటపూటియన్ వాళ్ళది ఇంకా మొండి పని. 72 జీన్ల జాబితా పెట్టుకుని, ఒక్కొక్కటీ పని చేయకుండా ఆపి, కణాన్ని సన్నటి గాజు గొట్టంతో పొడిచి చూడటం. పొడిచినా ఉలకని కణం దొరికేదాకా.

ఆ తలుపులు గొంతులో, ఊపిరి గొట్టాల నాడుల్లో కూడా ఉన్నాయి. కొత్త హమాలీ దగ్గు అదే. పదేపదే తగిలితే ఆ నాడులు మొద్దుబారతాయి. నొప్పులకి పూసే కొన్ని మందుల్లో క్యాప్సైసిన్ వేసేది ఇందుకే. కానీ బాబాయ్, దగ్గు రావట్లేదంటే కారం దుమ్ము లోపలికి పోవట్లేదని కాదు. ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

యార్డ్ బాబాయ్ | ఆదివారం సాయంత్రం 6.45

30 ఏళ్ళుగా మా ఇంటావిడ చెప్తే వినలేదు. నోబెల్ దాకా వెళ్ళిందంటున్నావు కాబట్టి కడతానమ్మాయ్. ఇంకొక్కటి. రామచిలకలు తేజ కాయ కూడా జామకాయలా నమిలేస్తాయి. వాటికి ఆ తలుపు లేదా?

ఎలుక మీసం | ఆదివారం సాయంత్రం 7.00

ఉంది బాబాయ్, వేడికి తెరుచుకుంటుంది కూడా. క్యాప్సైసిన్ తాళంచెవి మాత్రం దానికి పట్టదు. 2002లో అదీ జూలియస్ ల్యాబే చూపించింది. చిలకలకి కారం లేదు, తెలిసేది మనకే.

తెలుగు మాస్టారు | ఆదివారం రాత్రి 8.30

అమ్మా, అంతా బాగుంది గానీ ఒక అభ్యంతరం. తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు, ఇవి షడ్రుచులు. నువ్వు కారాన్ని పట్టుకెళ్ళి వేడిలోనూ నొప్పిలోనూ కలిపేశావు. ఉగాది పచ్చడిలో మిరియమో పచ్చిమిర్చో వేసేది నొప్పి కోసమా?

ఎలుక మీసం | ఆదివారం రాత్రి 8.55

మాస్టారూ, నమస్కారం. మీతో వాదన అంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది. ఒక్క పరీక్ష మీరే ఆలోచించండి. కారప్పొడి కంట్లో పడితే మండుతుంది. పంచదార పడితే కన్ను తియ్యగా ఉంటుందా? తీపి తెలియాలంటే రుచి మొగ్గలుండాలి. కారానికి అక్కర్లేదు, కన్నైనా ముక్కైనా గోరుచుట్టైనా చాలు. కన్ను, ముక్కు, నోటి మంట ట్రైజెమినల్ అనే ముఖపు స్పర్శ నాడి గుండా వెళ్తుంది. వగరు సంగతీ కొంత అలాంటిదే. మామిడి పిందె కొరికితే అందులోని టానిన్లు ఉమ్మిలోని ప్రోటీన్లని పట్టేసి జిగురు పోగొడతాయి, నాలుక గరగరమంటుంది. అందులో స్పర్శ పాలే ఎక్కువ. మా లెక్కలో నాలుక రుచులు తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా 1908లో జపాన్‌లో ఇకెదా పేరు పెట్టిన ఉమామి అనే కమ్మదనం.

కాకపోతే పచ్చడి చెంచాడు నోట్లో వేసుకుంటే ఇది నాలుకది, ఇది చర్మానిది, ఇది ముక్కుది అని ఎవరికీ విడివిడిగా తెలియదు. మూడు దారుల్లో వచ్చినదాన్ని మెదడు ఒక్క ముద్దగా కలిపి పెడుతుంది. షడ్రుచులు రాసినవాళ్ళు ఆ ముద్దని వర్ణించారు. మేం ముద్దని విప్పుతున్నాం.

తెలుగు మాస్టారు | ఆదివారం రాత్రి 9.05

కన్ను తియ్యగా ఉంటుందా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అయినా ఆరు అని రాసినవాళ్ళకి నేనిచ్చిన మార్కులు వెనక్కి తీసుకోను.

పటమట కుర్రాడు | ఆదివారం రాత్రి 10.10

ఇదంతా ఇంట్రెస్టింగే. కానీ మేడమ్, నిజాయితీగా చెప్పండి, ఎలుక మీసం, మీ రంగంలోనే ఇంకెవరో చూసిన పిల్లి కన్ను, ఇవి తెలుసుకుంటే జనానికి ఒరిగేదేంటి? నా ట్యాక్స్ డబ్బే కదా.

అరండల్‌పేట | ఆదివారం రాత్రి 11.30

దీనికి నేను చెప్తాను. నేను సైంటిస్టుని కాదు, బట్టల షాపు. నాకు చిన్నప్పుడు ఎడమ కన్ను మెల్ల. మెల్లకన్ను అదృష్టం అని మా నాయనమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పదకొండో ఏట స్కూల్లో చార్టు చదివిస్తే ఆ కంటితో పై అక్షరం కూడా రాలేదు. కంట్లో ఏ లోపం లేదు, చూడటం మెదడు నేర్చుకోలేదు అన్నారు. తర్వాత మెల్ల సరిచేయించారు, చూపు మాత్రం రాలేదు. ఇప్పటికీ రెండు వేళ్ళతో సూదిలో దారం ఎక్కించలేను, కొలత అందదు. చూసినాయన అన్న మాట ఒకటే గుర్తు: "ఇంకో ఆరేడేళ్ళ ముందు తీసుకొచ్చి ఉంటే".

ఎలుక మీసం | సోమవారం ఉదయం 6.15

మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ "ముందు తీసుకొచ్చి ఉంటే" అన్న మాట వెనక పిల్లి కన్నే ఉందండీ. హ్యూబెల్, వీసెల్ అనే ఇద్దరు 1950ల చివర్లో పిల్లి మెదడులోకి తీగ దించి తెర మీద చుక్కలు చూపిస్తూ కూర్చున్నారు. కణం పలకలేదు. గాజు స్లైడు మారుస్తుంటే దాని అంచు నీడ తెర మీద జారింది, కణం చిటపటలాడిపోయింది. ఆ కణానికి కావాల్సింది చుక్క కాదు, ఒక వాలులో ఉన్న గీత! తర్వాత పిల్లిపిల్లలకి కొన్నాళ్ళు ఒక కన్ను మూసి ఉంచితే, తెరిచాక కన్ను బాగున్నా మెదడు దాన్ని పట్టించుకోలేదు. పెద్ద పిల్లికి మూస్తే ఏమీ కాలేదు. అంటే దానికో వయసుంది. పసిపిల్లల మెల్లకన్ను, శుక్లం ఆలస్యం చెయ్యొద్దని ఈ రోజు గట్టిగా చెప్పడానికి పునాదుల్లో అదొకటి. 1981లో నోబెల్ వచ్చింది. పని మొదలుపెట్టినప్పుడు వాళ్ళు మెల్లకన్ను కోసం వెతకలేదు.

అలాగని గడువు దాటితే అంతా అయిపోయినట్టే అనీ కాదు. ఎంఐటీలో పని చేసే పవన్ సిన్హా ఢిల్లీలో ప్రాజెక్ట్ ప్రకాశ్ పేరుతో పుట్టుగుడ్డి పిల్లలకి ఆపరేషన్లు చేయించి, వాళ్ళ చూపుని గమనిస్తూ వచ్చారు. 8 నుంచి 17 ఏళ్ళ ఐదుగురి మీద చేసిన పని 2011లో అచ్చయింది. చేత్తో తడిమిన బొమ్మ ఏదో, కట్లు విప్పిన వెంటనే కంటితో చూసి చెప్పలేకపోయారు. గుడ్డిగా ఊహించినంతే. కొద్ది రోజుల్లోనే చెప్పడం మొదలుపెట్టారు. కన్ను తెరవగానే లోకం కనబడిపోతుందని సినిమాల్లో చూపిస్తారే, అలా జరగలేదు.

బ్రాడీపేట నాన్న | సోమవారం రాత్రి 9.00

మేడమ్ గారూ, ఈ చర్చ అంతా ప్రింటు తీసి ఇంట్లో పెట్టాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. మేం శాకాహారులం. ఎలుకల్ని చంపాల్సి వస్తుందా? జెజిఈబిల్స్ అని ఈ పీహెచ్‌డీలకి రాసే ప్రవేశ పరీక్ష ఉందట, అది పోతే ఇంకేమన్నా దారుందా?

ఎలుక మీసం | సోమవారం రాత్రి 10.20

వస్తుందండీ, దాచను. ప్రతి ప్రయోగానికీ ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఎన్ని ఎలుకలు, ఎందుకు, నొప్పి లేకుండా ఎలా, ఒక్కోదానికీ లెక్క రాయాలి. అయినా మొదటిసారి నేను రెండు రోజులు సరిగ్గా తినలేదు. ఇప్పటికీ అది అలవాటు కాలేదు, కాకూడదనే నా అభిప్రాయం. చేయలేనని ముందే అనిపిస్తే మనుషుల మీదే తలకి ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల్ని పైనుంచే పట్టే పరికరం) పెట్టో, కంప్యూటర్ తెర ముందు కూర్చోబెట్టో చేసే పని బోలెడుంది. ఈగలున్నాయి. ముంబై టీఐఎఫ్‌ఆర్ పరిశోధన సంస్థలో ఒబైద్ సిద్ధిఖీ పండు ఈగలతోనే వాసన, రుచి చదివారు. బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర కేంద్రానికి మూలపురుషుడు ఆయనే. గేట్, సీఎస్‌ఐఆర్ నెట్ కూడా రాయించండి. బెంగళూరు ఐఐఎస్‌సీ, మానేసర్‌లో మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ, హైదరాబాద్ యూనివర్సిటీ ఉన్నాయి. పటమట తమ్ముడు చెప్పిన పైథాన్ కూడా నేర్చుకోమనండి, వెటకారం కాదు, నా ల్యాబ్‌లో సగం రోజు దానితోనే గడుస్తుంది. అన్నిటికంటే ముందు వేసవిలో రెండు నెలలు ఏదైనా ల్యాబ్‌లో ఉండి రమ్మనండి. ఏమీ పని చేయని రోజుల్ని తట్టుకోగలదో లేదో అక్కడే తెలుస్తుంది.

నాయనమ్మగారికి ఒక చిన్న ప్రయోగం చూపించమనండి. రెండు హెయిర్‌పిన్ల కొనల్ని మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, వీపు మీద ఒకేసారి మెల్లగా ఆనించి ఎన్ని అని అడగాలి. తర్వాత వేలి కొన మీద మూడు మిల్లీమీటర్ల దూరంలో. జర్మనీలో వేబర్ 1830ల్లోనే చేసిన పని, ఖర్చు లేదు.

కృష్ణలంక అమ్మాయి | మంగళవారం సాయంత్రం 6.40

మేడమ్, బీసెంట్ రోడ్డులో నిలువు అద్దం కొన్నాం. ఫిజియో ఆయన పక్కనుండి చేయించారు. మొదటిసారి నాన్న అద్దంలో కాలు చూసి ఏడ్చారు, భయపడి తీసేద్దామనుకున్నాం. ఆయనే వద్దన్నారు. నొప్పి తగ్గిందో లేదో ఇంకా చెప్పలేను. కానీ నిన్న రాత్రి నొప్పొస్తే లేపి చెప్పారు. ఇన్నాళ్ళకి.

బ్రాడీపేట నాన్న | మంగళవారం రాత్రి 9.30

పిన్నుల ప్రయోగం జరిగింది. అమ్మాయి స్కేలు పెట్టి కొలిచి మా అమ్మ వీపు మీద రెండు పిన్నులు ఆనించింది. "ఒకటే" అంది మా అమ్మ. మళ్ళీ పెట్టింది. "ఒకటేనే, ఎన్నిసార్లు అడుగుతావ్?" వేలి మీద పెడితే వెంటనే "రెండు". వీపు మీద కూడా రెండే పెట్టానంటే నమ్మదే! మోసం చేస్తున్నావని, ముందు మీ నాన్నకి పెట్టి చూపించు అంది. చొక్కా విప్పి కూర్చున్నాను. నాకూ ఒకటే తెలిసింది, కానీ రెండని చెప్పి దొరికిపోయాను. అందరూ నవ్వుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి, "ఇలా తే, నీకు పట్టుకోవడం చేతకావట్లేదు" అని పిల్ల చేతిలోంచి ఒక పిన్ను తీసుకుంది.